పీటీ ఐఎన్ఆర్ టెస్టుకి వెళ్తున్నారా, ముందు ఇది చదివి వెళ్ళండి

పోయిన నెల ఒకావిడ వాళ్ళ ఆయన్ని తీసుకుని మా ల్యాబ్‌కి వచ్చారు. ఆయనకి గుండెలో వాల్వు మార్చి రెండేళ్ళయింది, నెలనెలా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఎక్కువ టైమ్ పడుతోందో చెప్పే నంబరు) చేయించుకుంటారు, ఎప్పుడూ 2.8, 3 అలా వచ్చే మనిషికి ఈసారి 1.4 వచ్చింది. మాత్రలేమైనా మానేశారా అండి అని అడిగా. "లేదు బాబూ, ఒక్క పూట కూడా మానలేదు, కాకపోతే డాక్టరు గారు రక్తం పలచబడే మందు ఇచ్చారు కదా, మరీ పలచబడిపోతే మనిషి నీరసపడిపోతాడని రోజూ పాలకూర పప్పు, మునగాకు పొడి, బీట్‌రూట్ జ్యూసు ఇస్తున్నా" అన్నారు. ఆవిడ తప్పేం లేదు ఇందులో. డాక్టర్ల దగ్గర్నుంచి మాలాంటి ల్యాబ్ టెక్నీషియన్ల దాకా అందరం "రక్తం పలచబడే మాత్ర" అనే అంటాం, వినేవాళ్ళకేమో అది రక్తం తక్కువైపోవడంలా వినిపిస్తుంది.

అందుకని మొదట ఇది క్లియర్ చేసేస్తా. ఆ మాత్ర వేసుకుంటే రక్తం నీళ్ళలా అవ్వదు, హిమోగ్లోబిన్ తగ్గదు. గడ్డకట్టడానికి పట్టే టైమ్ పెరుగుతుంది, అంతే. పాలు తోడుపెట్టాం అనుకోండి, తోడు కాస్త తక్కువేస్తే పాలు పలచబడవు కదా, పెరుగు లేటుగా తోడుకుంటుంది, ఇదీ అలాంటిదే. ఈ టెస్టుల్లో మేం చూసేది కూడా టైమే, ఎన్ని సెకన్లకి గడ్డ కట్టింది అని. పద్నాలుగేళ్ళుగా ల్యాబ్‌లో ఇదే పని చేస్తున్నా కాబట్టి టెస్టుకి ఎలా వెళ్ళాలి, రక్తం తీసేటప్పుడు ఏం గమనించాలి, రిపోర్టు ఎలా చూడాలి అనేవి నాకు తెలిసినంత వరకు రాస్తున్నా. మందు డోసు మార్చుకోవడం గురించి మాత్రం చెప్పను, అది మీ డాక్టరు పని.

ఏ టెస్టు దేనికి

స్లిప్పు మీద పీటీ (ప్రోత్రాంబిన్ టైమ్) ఐఎన్ఆర్ అని ఉంటే ఎక్కువ శాతం అసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ, అంటే పైన చెప్పిన రక్తం పలచబడే మాత్రలు, వాడేవాళ్ళకి. ఈ మందులు లివర్‌లో విటమిన్ కే పనిని అడ్డుకుంటాయి, అది లేకపోతే గడ్డకట్టడానికి కావాల్సిన కొన్ని ఫ్యాక్టర్లు (రక్తంలోని ప్రొటీన్లు), 2, 7, 9, 10 నంబర్లవి, సరిగ్గా తయారవ్వవు. విటమిన్ కే లోని ఆ కే అక్షరం కూడా కోయాగులేషన్ అనే మాట నుంచే వచ్చింది, డెన్మార్క్, జర్మనీ వైపు ఆ స్పెల్లింగు కే తోనే మొదలవుతుంది. లివర్ జబ్బులున్నవాళ్ళకి కూడా ఇదే టెస్టు రాస్తారు, ఎందుకంటే ఆ ఫ్యాక్టర్లు తయారయ్యేది లివర్‌లోనే. కామెర్లలో పీటీ పెరిగితే విటమిన్ కే ఇంజెక్షన్ చేసి మళ్ళీ టెస్టు రాయడం చూస్తుంటాం, దానికి తగ్గిందంటే పిత్తం దారి మూసుకుపోయి విటమిన్ ఒంటికి పట్టకపోవడం వల్ల కావచ్చు, తగ్గకపోతే లివరే బాగా దెబ్బతిందేమో అని ఆలోచిస్తారు.

ఏపీటీటీ వేరే టెస్టు, గడ్డకట్టే ప్రక్రియలో ఇంకో దారిని చూస్తుంది. ఆసుపత్రిలో సెలైన్‌తో పాటు హెపారిన్ (గడ్డకట్టకుండా నరంలోకి ఇచ్చే మందు) ఎక్కిస్తున్నప్పుడు దీనితోనే చూస్తారు. మగపిల్లాడికి చిన్న దెబ్బకే మోకాలు వాచిపోయి లోపల రక్తం చేరుతుంటే, పీటీ నార్మల్‌గా ఉండి ఏపీటీటీ ఒక్కటే పెరిగితే, హిమోఫీలియా (పుట్టుకతోనే ఒక ఫ్యాక్టరు తక్కువై రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) అనుమానం వస్తుంది, అప్పుడు ఫ్యాక్టర్ 8, 9 విడిగా చూడాలి. మేనమామలకి ఎవరికైనా ఇలా ఉండేదా అని డాక్టర్లు అడిగేది అందుకే, ఈ జబ్బు ఎక్కువగా తల్లి వైపు నుంచి వస్తుంది.

ఇక బీటీ సీటీ, అంటే బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్. చిన్న ఊళ్ళల్లో ఏ ఆపరేషన్‌కైనా ముందు ఇది రాసేస్తారు. బీటీకి వేలి మీదో చెవి తమ్మె మీదో చిన్న గాటు పెట్టి అరనిమిషానికోసారి ఫిల్టర్ పేపర్‌తో అద్దుతూ ఎప్పటికి ఆగిందో చూస్తాం, సీటీకి సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి అరనిమిషానికోసారి కొంచెం కొంచెం విరుస్తూ పోతాం, విరిగిన రెండు ముక్కల మధ్య దారం లాంటిది సాగిందంటే గడ్డ కట్టినట్టు. చూడటానికి భలే ఉంటుంది కానీ నా మాటేంటంటే దీన్ని మరీ నమ్ముకోకండి, హిమోఫీలియా తక్కువ స్థాయిలో ఉంటే ఇది నార్మల్‌గానే వచ్చేస్తుంది. దానికన్నా ఇదివరకు పన్ను పీకినప్పుడు రక్తం రెండ్రోజులు ఆగలేదా, నెలసరిలో విపరీతంగా పోతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, ఇవి డాక్టరుకి చెప్పడం ఎక్కువ పనికొస్తుంది.

డీ డైమర్ కరోనా టైమ్‌లో అందరికీ నోటికొచ్చేసింది. కట్టిన గడ్డ కరిగేటప్పుడు విడిపోయే ముక్కలు అవి. ఆపరేషనైనా, గర్భమైనా, ఇన్‌ఫెక్షనైనా, వయసు ఎక్కువైనా పెరుగుతుంది కాబట్టి పెరిగిందని కంగారు పడక్కర్లేదు, నార్మల్‌గా వస్తేనే దాని ఉపయోగం, కాలిలో గడ్డ ఉండకపోవచ్చు అని చెప్పడానికి. డెంగీలో అడిగే ప్లేట్‌లెట్లు సీబీసీలో వస్తాయి, ట్యూబే వేరు.

ఇంకో మాట, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు కొంతమంది వాళ్ళంతట వాళ్ళే వచ్చి "నేనూ రక్తం పలచబడే మాత్ర వాడుతున్నా, ఐఎన్ఆర్ చేయండి" అంటారు. అవి ప్లేట్‌లెట్ల మీద పనిచేసే మందులు, ఐఎన్ఆర్‌లో కనపడవు, డబ్బులు దండగ. అలాగే అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి కొత్త మందులకి నెలనెలా ఐఎన్ఆర్ అవసరం లేదు. మరి మాకూ అవే ఇవ్వచ్చుగా అని వాల్వు పేషెంట్లు అడుగుతారు. మెటల్ వాల్వు ఉన్నవాళ్ళకి డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన ట్రయల్‌ని మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది, గడ్డలూ ఎక్కువయ్యాయి, బ్లీడింగూ ఎక్కువైంది. కాబట్టి వాళ్ళకి పాత మందే, నెలనెలా సూదే.

వెళ్ళేముందు

పరగడుపున వెళ్ళక్కర్లేదు. టిఫిన్ తినే రండి, కాకపోతే ముందురోజు రాత్రి పెళ్ళి భోజనం చేసి బిర్యానీ, నెయ్యి, నూనె గట్టిగా పట్టించి ఉంటే ప్లాస్మా (రక్తంలో కణాలు పోగా మిగిలే పసుపు నీరు) పాలలా తెల్లగా వస్తుంది, మిషన్లు వెలుతురు పంపించి చూస్తాయి కాబట్టి అలాంటి శాంపిల్‌తో ఇబ్బంది పడతాయి.

టెస్టు పొద్దున్న, మాత్ర సాయంత్రం. చాలామంది డాక్టర్లు అసిట్రోమ్ సాయంత్రం ఆరింటికో ఏడింటికో వేసుకోమనేది ఇందుకే, పొద్దున్న శాంపిల్ ఇస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుంటే ఆ రోజు మాత్రే మార్చుకోవచ్చు. పొద్దున్నే మాత్ర మింగేసి టెస్టుకొస్తే డోసు తగ్గించాలన్నా ఆ రోజుకి చేసేదేం లేదు.

మాత్రల స్ట్రిప్పు జేబులో పెట్టుకుని రండి. పేరు చెప్తే చాలదు, అసిట్రోమ్‌లో 1, 2, 3, 4 మిల్లీగ్రాములు అన్నీ ఉంటాయి. డాక్టరు ఒకటిన్నర అని రాస్తే అది ఒకటిన్నర మిల్లీగ్రామా, ఒకటిన్నర మాత్రా అనే దగ్గర పొరపాట్లు జరుగుతుంటాయి, మెడికల్ షాపులో 1 లేదని 2 ఇస్తే ఇంట్లో అలవాటు ప్రకారం పూర్తి మాత్ర వేసేసుకుంటారు. ఈ మధ్య ఏమైనా యాంటీబయాటిక్ వాడారా, మోకాళ్ళ నొప్పులకి ఇంజెక్షన్ చేయించుకున్నారా, ఆకు మందు తిన్నారా, పొట్టలో ఇంజెక్షన్లు వేస్తున్నారా, అన్నీ చెప్పండి. మేం అడక్కపోయినా చెప్పండి.

రక్తం తీసేటప్పుడు

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే రిపోర్టు తప్పొస్తే చాలాసార్లు ఆ తప్పు మిషన్ది కాదు, రక్తం తీసిన నిమిషంలో జరిగింది.

గడ్డకట్టే టెస్టులకి లేత నీలం మూత ఉన్న ట్యూబు. దాంట్లో ముందే 0.3 ఎంఎల్ సోడియం సిట్రేట్ ఉంటుంది, 3.2 శాతం ది, చూస్తే ట్యూబు అడుగున నాలుగు చుక్కల నీళ్ళలా కనిపిస్తుంది. అది రక్తంలో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం లేకపోతే గడ్డ కట్టదు, తర్వాత ల్యాబ్‌లో మేం కాల్షియం కలిపి అప్పుడు స్టాప్‌వాచ్ నొక్కుతాం. దాంట్లోకి 2.7 ఎంఎల్ రక్తం పడాలి, ఒక వంతు సిట్రేట్‌కి తొమ్మిది వంతుల రక్తం. ట్యూబు మీద గీత ఉంటుంది, రక్తం ఆ గీత దాకా వచ్చిందా లేదా మీరే చూడండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువైపోయి, మేం తర్వాత కలిపే కాల్షియాన్ని కూడా కొంత అదే తినేస్తుంది, రక్తం గడ్డకట్టడం లేటయ్యి నంబరు లేనిపోనిదిగా పెరుగుతుంది.

ఇది నాకెలా తెలుసంటే నేనే చేశా. పనిలో చేరిన కొత్తలో ఒక ముసలావిడకి నరం దొరకట్లేదు, రెండుసార్లు గుచ్చా, మూడోసారి పోనీలే అని సగం ట్యూబు రాగానే తీసేసి మిషన్‌లో పెట్టేశా. ఐఎన్ఆర్ 6 దాటింది. వాళ్ళబ్బాయి కంగారుగా డాక్టరుకి చెప్పడం, ఆయన మాత్ర ఆపమనడం అయిపోయాయి. మర్నాడు మా సీనియర్ ఆ ముసలావిడని మళ్ళీ పిలిపించి ట్యూబు నిండా తీస్తే 2.6. ఒక్క పూట మాత్ర ఆగినంత మాత్రాన 6 అలా పడిపోదు. ఆ రోజు సీనియర్ నన్ను తిట్టలేదు, ఆ రెండు ట్యూబులూ స్టాండులో పక్కపక్కన పెట్టి చూడమన్నారు, అంతే, ఒకటి నిండుగా, ఒకటి సగానికి. ఇప్పటికీ నరం దొరకని వాళ్ళొస్తే నాకు ఆ స్టాండే గుర్తొస్తుంది. పిల్లల ట్యూబులు చిన్నవి దొరుకుతాయి, 1.8 ఎంఎల్ వి, నరం సన్నగా ఉన్నవాళ్ళకి అది వాడమని అడగండి.

రక్తం పడగానే ట్యూబుని మెల్లగా మూడు నాలుగు సార్లు తలకిందులు చేసి కలపాలి, మందు సీసా ఊపినట్టు ఊపకూడదు. అసలు కలపకపోతే అడుగున చిన్న గడ్డ కడుతుంది, ఆ శాంపిల్ పనికిరాదు. చేతికి కట్టే పట్టీ నిమిషం కన్నా ఎక్కువసేపు ఉంచకూడదు. ఒకేసారి చాలా టెస్టులకి తీస్తుంటే నీలం ట్యూబు ముందు, ఎర్ర మూతవి, ఊదా మూతవి తర్వాత. ఊదా ట్యూబులో మిగిలింది కాస్త నీలం దాంట్లో పోసేవాళ్ళని కూడా చూశా, అది అస్సలు చేయకూడని పని, ఊదా దాంట్లో ఉండే మందు వేరు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకైతే హెపారిన్ ఎక్కుతున్న చేతికి కాకుండా రెండో చేతికి తీయమనండి.

ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళేవాళ్ళ సంగతి. బండి మీద పది ఇళ్ళు తిరిగి ల్యాబ్‌కి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. పీటీకి పర్లేదు, మామూలు గది వేడిలో ఒక రోజు దాకా ఆగుతుంది. ఏపీటీటీ అయితే నాలుగు గంటల్లో అయిపోవాలి, హెపారిన్ పేషెంటుదైతే గంటలోపు ప్లాస్మా విడగొట్టాలి, కాబట్టి ఏపీటీటీ ఉంటే ల్యాబ్‌కే వెళ్ళండి. ఈ ట్యూబుని ఐస్‌లో, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చల్లదనానికి కొన్ని ఫ్యాక్టర్లు ముందే చురుకైపోతాయి. మా ఎండల్లో బండి డిక్కీలో పెట్టడం కూడా అంతే నష్టం. పుట్టుకతో గుండెజబ్బుండి పెదాలు నీలంగా ఉండే పిల్లలుంటారు, వాళ్ళ రక్తం చిక్కగా ఉంటుంది, అందులో ప్లాస్మా తక్కువ, వాళ్ళకి సిట్రేట్ కొలత తగ్గించి వాడాలి, కాబట్టి ముందే చెప్పాలి.

లోపల ఏం జరుగుతుంది

మిషన్ లేని రోజుల్లో, ఇప్పటికీ చాలా చిన్న ల్యాబుల్లో, చేత్తోనే చేస్తాం. సెంట్రిఫ్యూజ్‌లో పావుగంట తిప్పితే పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది. 37 డిగ్రీల వాటర్‌బాత్‌లో గాజు ట్యూబు పెట్టి, 0.1 ఎంఎల్ ప్లాస్మా మీద వెచ్చగా ఉన్న థ్రాంబోప్లాస్టిన్ రియేజెంట్ (గడ్డకట్టడం మొదలుపెట్టించే ద్రవం) 0.2 ఎంఎల్ పోసి స్టాప్‌వాచ్ నొక్కి, ట్యూబు తీసి లైటు ముందు మెల్లగా వంచుతూ ఉంటాం. మొదట నీళ్ళలా అటూ ఇటూ పోతుంది, ఉన్నట్టుండి సన్నటి సాలెగూడు లాంటి పోగు ఒకటి కనిపిస్తుంది, ఇంకో సెకనులో మొత్తం జెల్లీ. ఆ మొదటి పోగు కనిపించగానే వాచ్ ఆపాలి. మామూలు మనిషికి 11 నుంచి 13 సెకన్ల మధ్య. ఈ టెస్టుని 1935లో ఆర్మండ్ క్విక్ అనే ఆయన పెట్టాడు, పేరుకి తగ్గట్టే క్విక్‌గా అయిపోతుంది.

చిక్కేంటంటే రియేజెంట్ కంపెనీని బట్టి సెకన్లు మారతాయి. అందుకే 1983లో డబ్ల్యూహెచ్ఓ ఐఎన్ఆర్ లెక్క పెట్టింది. పేషెంటు సెకన్లని మామూలు మనుషుల సగటు సెకన్లతో భాగించి, వచ్చినదాన్ని ఐఎస్ఐ (ఆ రియేజెంట్ ఎంత సున్నితమో చెప్పేది, వస్తువుల మీది ఐఎస్ఐ మార్కు కాదు) అనే నంబరుకి ఘాతం చేస్తారు, ఆ ఐఎస్ఐ రియేజెంట్ డబ్బా మీద రాసుంటుంది. ఉదాహరణకి ఒక ల్యాబ్‌లో నార్మల్ 13, ఐఎస్ఐ 1.0, మీకు 32.5 సెకన్లు వచ్చింది, ఐఎన్ఆర్ 2.5. అదే రక్తం ఇంకో ల్యాబ్‌కెళ్తే అక్కడ నార్మల్ 12, ఐఎస్ఐ 1.3, మీకు 24.3 సెకన్లే వచ్చింది, లెక్కేస్తే అదీ 2.5 దగ్గరే. కాబట్టి "అక్కడ 32 వచ్చింది ఇక్కడ 24 వచ్చింది, మీ ల్యాబ్ తప్పు" అని గొడవపడకండి, సెకన్లు వదిలేసి ఐఎన్ఆర్ చూడండి. పిల్లల దగ్గరికని ఆరు నెలలు డల్లాస్ వెళ్ళే పెద్దవాళ్ళకి కూడా ఇదే లాభం, అక్కడ 2.5 అన్నా తెనాలిలో 2.5 అన్నా ఒకటే అర్థం. కొంత తేడా ఎటూ ఉంటుంది, 2.5 బదులు 2.7 వస్తే పట్టించుకోవాల్సిన పన్లేదు. వీలైతే ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది. వేలు గుచ్చి చూసే చిన్న మిషన్లు కూడా ఉన్నాయి, షుగర్ మిషన్ లాంటివి, దూరంగా ఉండేవాళ్ళకి బాగుంటాయి, స్ట్రిప్పులే ఖరీదు, నంబరు 4 దాటితే మాత్రం నరంలోంచి తీయించి ల్యాబ్‌లో మళ్ళీ చూసుకోండి.

నంబరు ఎలా చూడాలి

రిపోర్టు మీద నార్మల్ 0.8 నుంచి 1.2 అని ఉండి, మీ 2.8 పక్కన ఎర్రగా స్టార్ గుర్తుంటుంది. అది చూసి భయపడి మాత్ర మానేసిన వాళ్ళు నాకు తెలుసు. ఆ నార్మల్ మందు వాడనివాళ్ళది, మీది కాదు. గుండె దడ, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళకి, కాలి నరంలో గడ్డ ఉన్నవాళ్ళకి మామూలుగా 2 నుంచి 3. మెటల్ వాల్వుల్లో అయోర్టిక్ అయితే చాలామందికి 2 నుంచి 3, మైట్రల్ అయితే 2.5 నుంచి 3.5. మన ఊళ్ళల్లో చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళవాతంతో మైట్రల్ పాడైనవాళ్ళే ఎక్కువ కాబట్టి మా దగ్గరికొచ్చేది రెండో రకమే ఎక్కువ. మీకు ఎంత ఉండాలో డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి, నోటిమాటగా వద్దు.

తక్కువొస్తే హమ్మయ్య అనుకోకండి, వాల్వు ఉన్నవాళ్ళకి తక్కువే ఎక్కువ భయం, గడ్డ కట్టి వాల్వు బిగుసుకుపోవచ్చు, మెదడుకి పోతే పక్షవాతం. 5 దాటితే రక్తం కారకపోయినా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి వచ్చినా నంబరు కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికే. డోసు మార్చిన మర్నాడే టెస్టుకి రావడం కూడా దండగే, ఉన్న ఫ్యాక్టర్లు అరిగిపోవాలి కదా, 7వది గంటల్లోనే తగ్గుతుంది కానీ 2వదానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒకరోజు మాత్ర మర్చిపోతే అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోవద్దు.

యూట్యూబ్‌లో ఇది ఎలకల మందు అని చూసి ఒకాయన మాత్రలు తెచ్చి మా కౌంటర్ మీద పెట్టారు. అబద్ధం కాదు. అమెరికాలో పాడైన గడ్డి తిని పశువులు రక్తం ఆగక చనిపోతుంటే విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆ గడ్డిలో ఏముందా అని వెతికితే ఈ మందులకి మూలమైన పదార్థం దొరికింది, వార్ఫరిన్ 1948లో ఎలకల మందుగానే వచ్చింది, 1954లో మనుషులకి పర్మిషన్ వచ్చింది. డోసే తేడా, ఆ డోసు కరెక్టుగా ఉందా లేదా చూడటానికే కదా అండి మీరు నెలనెలా మా దగ్గరికొచ్చేది అన్నా, స్ట్రిప్పు తీసుకుని వెళ్ళిపోయారు.

తిండి, మిగతా మందులు

ఆకుకూరలు మానేయమని నేను చెప్పను. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు, అన్నిట్లో విటమిన్ కే బాగా ఉంటుంది, కానీ వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే రెండుసార్లే తినండి, డాక్టరు ఆ తిండికి తగ్గట్టే డోసు సరిచేస్తారు. అలవాటు ఒక్కసారిగా మారితేనే తంటా. కార్తీకమాసం వచ్చిందంటే మా దగ్గర నంబర్లు అటూ ఇటూ అవుతాయి, ఉపవాసాలుండి తిండి తగ్గించినవాళ్ళకి పెరుగుతుంది, మాంసం మానేసి రోజూ ఆకుకూర తిన్నవాళ్ళకి తగ్గుతుంది. అయ్యప్ప మాలలో ఒంటిపూట భోజనం కూడా అంతే. విరోచనాలు, జ్వరంతో నాలుగు రోజులు తినకపోతే కూడా పెరుగుతుంది, అప్పుడు నెల దాకా ఆగకుండా ముందే చూపించుకోండి.

మెట్రోనిడజోల్, సెప్ట్రాన్ లాంటివి, ఫంగస్‌కిచ్చే ఫ్లుకొనజోల్, ఇవి నంబరుని పెంచేస్తాయి. టీబీకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్ మాత్రల్లో కొన్ని తగ్గించేస్తాయి. నొప్పుల మాత్రలు, డైక్లోఫెనాక్ లాంటివి, నంబరు మారకపోయినా కడుపులో పుండు పెట్టి అక్కడ రక్తం కారేలా చేస్తాయి, అవి మరీ ప్రమాదం. ఆర్ఎంపీ దగ్గర పిర్రకి, భుజానికి ఇంజెక్షన్ చేయించుకునే ముందు మాత్ర సంగతి చెప్పండి, కండలో రక్తం గడ్డలా చేరి వాచిపోతుంది. పన్ను పీకించుకోవాలంటే మీ అంతట మీరు మాత్ర ఆపకండి, ముందురోజు ఐఎన్ఆర్ చేయించి పళ్ళ డాక్టరుకీ గుండె డాక్టరుకీ ఇద్దరికీ చూపించండి. పెళ్ళయిన ఆడపిల్లలైతే నెల తప్పిన తర్వాత కాదు, పిల్లల్ని అనుకుంటున్నప్పుడే డాక్టరుకి చెప్పాలి, మొదటి మూడు నెలల్లో ఈ మందు బిడ్డకి హాని చేస్తుంది.

మిషన్ లేని టెస్టు ఒకటి

ఇది పేషెంట్లు చేసేది కాదు కానీ పొలాలకెళ్ళే ఇళ్ళల్లో తెలిసుండాలి. రక్తపింజర కరిస్తే దాని విషం రక్తంలో గడ్డకట్టే సరుకంతా ఖర్చు చేసేస్తుంది, ఇక రక్తం గడ్డ కట్టదు. దీన్ని పట్టుకోడానికి పీహెచ్‌సీలో కరెంటు లేకపోయినా చేయగలిగే టెస్టు ఉంది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు ట్యూబులో 2 ఎంఎల్ రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఒక పక్కన పెడతారు, తర్వాత ఒక్కసారి వంచుతారు. గడ్డ అడుగున అతుక్కుని ఉంటే కట్టినట్టు, నీళ్ళలా జారిపోతే విషం ఎక్కినట్టే, యాంటీ స్నేక్ వీనం మొదలుపెట్టాలి. గాజుదే ఉండాలి, ప్లాస్టిక్ ట్యూబులో మామూలు రక్తం కూడా తొందరగా కట్టదు, సబ్బు పౌడర్‌తో కడిగిన ట్యూబూ పనికిరాదు. ఆ 20 నిమిషాల్లో బంధువులు వచ్చి "ఏమైందండి" అని ట్యూబు తీసి ఊపి చూస్తుంటారు, దయచేసి అది చేయొద్దు, మళ్ళీ మొదట్నుంచి చేయాలి.

మొదటిసారి గడ్డ కట్టినా ఇంటికి తీసుకెళ్ళిపోకండి, విషం నిదానంగా ఎక్కొచ్చు, అరగంటకోసారి మళ్ళీ చూస్తారు. మందు ఇచ్చాక ఆరు గంటలకి ఇంకోసారి చూస్తారు. ఇంకోటి, నాగుపాము, కట్లపాము నరాల మీద పనిచేస్తాయి, వాటికి రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది, రెప్పలు వాలిపోవడం, ఊపిరి అందకపోవడం చూడాలి, కాబట్టి ట్యూబు బాగుంది కదా అని వదిలేయకూడదు. మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫ్రీ, తాడు కట్టడం, బ్లేడుతో కోయడం వద్దు, గడ్డకట్టని రక్తానికి కోత పెడితే ఇక ఆగదు.

పుస్తకం

రిపోర్టులు కవర్లలో పోతాయి, వాట్సాప్‌లో కిందకి వెళ్ళిపోతాయి. పది రూపాయల నోటుబుక్కు ఒకటి పెట్టుకుని ప్రతిసారీ తేదీ, ఐఎన్ఆర్, వారంలో ఏ రోజు ఎన్ని మిల్లీగ్రాములు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు, మధ్యలో ఏం మారింది, ఇంతే రాయండి. మొదట్లో వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి పడుతుంది. మొదట చెప్పానే ఆ ఆవిడ, అలాంటి పుస్తకం పెట్టారు. పదిహేను రోజులకి మళ్ళీ వచ్చారు, డాక్టరు గారు డోసు మార్చకుండా తిండి సరిచేసి చూద్దామన్నారట, ఈసారి 2.6. నేను నంబరు రాసిస్తుంటే పుస్తకం తిప్పి చూశా, 1.4 పక్కన ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: "ఆషాఢం. మునగాకు రోజూ. నేనే పెట్టాను."